‘కళాపూర్ణోదయం’ గురించి నన్ను అందరూ అడుగుతున్నవి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పుస్తకం గురించి ఎక్కడ నోరు విప్పినా అవే ప్రశ్నలు వస్తున్నాయి, అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబులు రాసి పెడుతున్నాను. అడిగేవాళ్ళలో ఎక్కువమంది మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్ళే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్లో హిందీ, అదీ మన సంగతి. కాబట్టి వాళ్ళని మనసులో పెట్టుకునే రాశాను. కథ గుట్టు బయటపడే ప్రశ్నల దగ్గర ముందే హెచ్చరిక ఉంది, చదవనివాళ్ళు అవి దాటేయండి.

అసలు ఏ పుస్తకం ఇది?

పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’. 16వ శతాబ్దం నాటిది, 8 ఆశ్వాసాలు (అంటే అధ్యాయాలు), నంద్యాల కృష్ణరాజుకి అంకితం ఇచ్చాడు. ఇదే మనిషి ‘రాఘవపాండవీయం’ అని ఇంకో కావ్యం రాశాడు, అందులో ఒకే పద్యాన్ని ఒకలా చదువుకుంటే రామాయణం, ఇంకోలా చదువుకుంటే భారతం. అలాంటి బుర్ర ఉన్నవాడు పురాణాల్లో ఉన్న కథ తీసుకోకుండా తనే ఒక కథ అల్లుకుంటే ఏమవుతుందో అదే ఇది. నారదుడు, రంభ, నలకూబరుడు, కృష్ణుడు, ఇలా తెలిసిన పేర్లు చాలానే కనిపిస్తాయి గానీ వాళ్ళు చేసే పనులు మాత్రం మనం ఎక్కడా వినలేదు.

పద్యాల పుస్తకాన్ని నవల అంటున్నారేంటి?

ఈ మాట నేను కనిపెట్టింది కాదు, చాలామంది పెద్దవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నదే. ప్రబంధాలు అనగానే మనకి గుర్తొచ్చేది నగర వర్ణన, వసంత వర్ణన, నాయిక విరహం, చంద్రుణ్ణి తిట్టడం, ఆ తర్వాత పెళ్ళి. కథ రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు, మిగతాదంతా అలంకారం. ‘కళాపూర్ణోదయం’ కథ రెండు వాక్యాల్లో చెప్పమనండి చూద్దాం! ఇక్కడ కథే అసలు సరుకు. ఒకచోట ఎవరో అలవోకగా అన్న మాట ఎన్నో పేజీల తర్వాత ఇంకొకరి బతుకుని తలకిందులు చేస్తుంది. మనుషులు తప్పుగా అర్థం చేసుకుంటారు, అబద్ధాలు ఆడతారు, ఒకరి రహస్యాలు ఒకరు దాస్తారు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాసినప్పుడు ప్రబంధాల మీద గట్టిగా విరుచుకుపడి, ఈ పుస్తకం కథ అల్లికని మాత్రం ప్రత్యేకంగా పట్టుకుని చర్చించింది ఊరికే కాదు. పద్యంలో ఉందా వచనంలో ఉందా అన్నది నాకు పెద్ద పట్టింపు కాదు, చదువుతుంటే ‘తర్వాత ఏమైంది’ అని టెన్షన్ పుడితే నా లెక్కలో అది నవలే.

గుట్టు విప్పకుండా కథ చెప్పండి.

ప్రయత్నిస్తాను. ద్వారకలో ఒక వేశ్య కూతురు, పేరు కలభాషిణి, చెలికత్తెలతో తోటలో ఉయ్యాల ఊగుతోంది. పైన ఆకాశంలో నారదుడు, వెంట శిష్యుడు మణికంధరుడు అనే గంధర్వుడు. ఇంకోవైపు నుంచి విమానంలో రంభ, నలకూబరుడు. తన ప్రియుడికీ తనకీ సాటి లేదన్నట్టు రంభ మురిసిపోతుంది, నారదుడు ఊరుకుంటాడా, ఒక మాట విసురుతాడు. కింద ఉయ్యాల మీదున్న పిల్ల మనసు నలకూబరుడి మీద పడుతుంది. అంతే, పునాది అదే. అక్కడినుంచి సంగీతం నేర్చుకోవడం, తపస్సు, తపస్సు చెడగొట్టడం, సింహం మీద తిరిగే సిద్ధుడు, అడవిలో అమ్మవారి గుడి, బలి, ఒకరి రూపంలో ఒకరు, చనిపోయినవాళ్ళు మళ్ళీ పుట్టడం, ఇలా ఎక్కడెక్కడికో వెళ్తుంది. కళాపూర్ణుడు అనే పేరున్న మనిషి పుట్టడానికే సగం పుస్తకం పైన పడుతుంది. పుస్తకం పేరులో ఉన్నది అతని ‘ఉదయమే’ కదా, సూరన ముందే చెప్పాడు, మనమే వినిపించుకోం.

మొదటి రెండు ఆశ్వాసాల్లో తల తిరిగిపోయింది. వదిలేయాలా?

వద్దు. ఆ తికమక మీ తప్పు కాదు, సూరన కావాలని పెట్టిందే. పెళ్ళింటికి ఆలస్యంగా వెళ్ళినవాడికి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియనట్టు ఉంటుంది కొంతసేపు. అందరూ ఒకరి గురించి ఒకరు మాట్లాడుకుంటారు, ఎవరూ మనకి పరిచయం చెయ్యరు. ఫలితం ముందు కనిపిస్తుంది, కారణం చాలా తర్వాత తెలుస్తుంది, అదీ ఇంకో పాత్ర ఇంకెవరికో చెప్తుంటే మనం పక్కనుంచి వింటాం.

నా సలహా ఒక్కటే. సంఘటనలన్నీ గుర్తుపెట్టుకోవాలని చూడకండి. ‘ఎవరు ఎవరిని కోరుకుంటున్నారు, ఇప్పుడు ఎవరి రూపంలో ఉన్నారు’ అన్నది మాత్రం పట్టుకోండి. మా మేనకోడలు నోట్‌బుక్‌లో బాణాలు గీసుకుంటూ చదివింది, ఎడమవైపు అసలు మనిషి, కుడివైపు వేషం. ఆ పిల్లకి నాకంటే బాగా అర్థమైంది. అప్పుడు చిక్కుముడి అంతా ఒకే దారం అని తెలుస్తుంది.

ఇంకో సంగతి, ఎవరైనా ‘కథాసంగ్రహం’ ముందుగా చదివి వెళ్ళమంటే వినకండి. ఈ పుస్తకాన్ని చెడగొట్టడానికి అంతకంటే సులువైన దారి లేదు. నేను కింద ఇచ్చిన హెచ్చరికలు కూడా అందుకే.

ఉయ్యాల దృశ్యం గురించి అందరూ అంతగా చెప్తారేం?

ఎందుకంటే బాగుంటుంది కాబట్టి! అమ్మాయిలు ఉయ్యాలని పైపైకి తోస్తుంటే వాళ్ళు ఆకాశంలో ఉన్నవాళ్ళతో పోటీకి వెళ్తున్నట్టు అనిపిస్తుంది. మనవైపు వాళ్ళకి ఇది ఇంకొంచెం దగ్గర. జూన్ నడిమధ్యలో రజ పండగ వస్తుంది కదా, మూడు రోజులు నాగలి కట్టరు, భూమికి విశ్రాంతి అంటారు, ఆడపిల్లలు పని ముట్టుకోకుండా కొత్త బట్టలు కట్టుకుని మామిడి కొమ్మలకి, మర్రి కొమ్మలకి కట్టిన ఉయ్యాలల మీదే ఉంటారు. ఒడియా వాళ్ళ పండగే అయినా మన తెలుగిళ్ళ పిల్లలు ఆ ఉయ్యాలలు వదులుతారా? ఇక అట్లతద్దికి మన ఉయ్యాలలు ఎలాగూ ఉన్నాయి. ఆడపిల్లలు నేల వదిలి అంత పైకి వెళ్ళేది, పెద్దవాళ్ళు ఏమీ అనకుండా చూసేది ఆ కొద్ది రోజులే. సూరన ఆ ఒక్క క్షణంలోంచి కథంతా తీశాడు. భూమ్మీది పిల్ల ఉయ్యాల మీద ఆకాశం వైపు వెళ్ళింది, ఆకాశంలోవాళ్ళు ఒక మాట జారారు, మధ్యలో ఎక్కడో రెండూ కలిశాయి.

రజ రోజుల్లో ఎవరైనా ఈ పుస్తకం మొదలుపెడితే మొదటి ఆశ్వాసం ఆరుబయట కూర్చుని పైకి చదవండి, అంతకంటే మంచి ముహూర్తం లేదు.

(హెచ్చరిక: ఇక్కడినుంచి గుట్టు ఉంది) ఇద్దరు రంభల గొడవ అర్థం కాలేదు. ఎవరు ఎవరు?

పుస్తకంలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

మణికంధరుడు తపస్సు చేస్తుంటే చెడగొట్టడానికి రంభ వస్తుంది. వచ్చిన పని అయింది, తపస్సు చెడింది. కానీ రంభ మనసులో ఉన్నది నలకూబరుడు. అది కనిపెట్టిన మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. మరోవైపు కలభాషిణికి కావలసింది కూడా నలకూబరుడే, అతను రంభని తప్ప ఇంకెవరినీ చూడడు కాబట్టి ఆమె రంభ రూపం ధరిస్తుంది. ఇప్పుడు చూడండి, రంభ కాని రంభ, నలకూబరుడు కాని నలకూబరుడు ఒకరికొకరు ఎదురుపడ్డారు. ఇద్దరూ తాము గెలిచామనే అనుకుంటున్నారు! ఇద్దరూ నారదుడి దగ్గరివాళ్ళు, ద్వారక నుంచి ఒకరికొకరు తెలిసినవాళ్ళు, అయినా ఒకరినొకరు పోల్చుకోలేదు. అప్పుడు అసలు రంభ వస్తుంది. ఇద్దరు రంభలూ ‘నేను అసలు, నువ్వు నకిలీ’ అని దెబ్బలాడుకుంటారు. మొదట్లో సాటి లేదని మురిసిపోయిన రంభకి అచ్చం తనలాంటిదే ఎదురుగా నిలబడింది, నారదుడు విసిరిన మాట అక్కడ తగిలింది.

నవ్వు వస్తుంది, నిజంగా నవ్వు వస్తుంది, కానీ నవ్వాక ఒక చేదు మిగులుతుంది. ఎవరికీ తాము కోరుకున్న మనిషి దొరకలేదు, ఆ మనిషి ఆకారం మాత్రం దొరికింది. తమాషా ఏమిటంటే ఆ ఆకారంతో వాళ్ళు తృప్తిపడ్డారు కూడా. నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న అదే, కలభాషిణి ఇష్టపడింది నలకూబరుణ్ణా, లేక ఉయ్యాల మీదుండగా చెవినపడిన ఒక వర్ణననా? అతన్ని ఆమె సరిగ్గా చూసింది ఎంతని!

తూర్పు భాగవతం అనే మనవైపు వీధినాటకం చూసి పెరిగినవాళ్ళకి ఈ భాగం చాలా తేలిగ్గా ఎక్కుతుంది. మనవైపు సత్యభామ వేషం కట్టేది మగవాడే, జడ పట్టుకుని ఒయ్యారంగా నడుస్తుంటే చూసేవాళ్ళందరికీ అతను ఫలానా వాళ్ళ అబ్బాయి అని తెలుసు, భామే అని కూడా తెలుసు, రెండూ ఒకేసారి. పుస్తకంలోని పాత్రలకి అలా రెండూ ఒకేసారి చూడటం చేతకాదు, అందుకే ఇబ్బందుల్లో పడతారు. మనం చూడగలం.

(గుట్టు) బ్రహ్మ, సరస్వతుల కథ ఎక్కడినుంచి ఊడిపడింది?

సగం పుస్తకం అయ్యాక ఉన్నట్టుండి మనం సత్యలోకంలో ఉంటాం. సరస్వతి కథ చెప్పమంటుంది. బ్రహ్మ అప్పటికప్పుడు ఒకటి కల్పిస్తాడు, కళాపూర్ణుడు అనే రాజు, అతని తల్లిదండ్రులు, అతని భార్యలు, ఊరు, పేరు అన్నీ. వింటూ వింటూ సరస్వతికి అనుమానం వస్తుంది. ఈ ఊరు మన కొలనులా ఉందే, ఈ మనుషులు ఇందాక మన సరసంలో జరిగిన ముచ్చట్లలా ఉన్నారే అని ఒక్కొక్కటీ విప్పుతుంది. అంటే భార్యాభర్తలు ఏకాంతంగా గడిపిన కాసేపటి చిన్నచిన్న సంగతులకి బ్రహ్మ పేర్లు పెట్టి కథగా చెప్పాడన్నమాట. ఆమె ఇంత పెద్ద రసజ్ఞురాలు కాబట్టి పట్టేసింది, మనమైతే పట్టలేకపోయేవాళ్ళం.

కానీ చెప్పింది బ్రహ్మ. ఆయన నోట వచ్చిన మాట జరిగి తీరాలి. కాబట్టి సరసానికి చెప్పిన కథ భూమ్మీద నిజంగా జరగాలి, ఆ రాజు పుట్టాలి, వాళ్ళందరూ పుట్టాలి. అప్పటిదాకా మనం చూసిన కలభాషిణి, మణికంధరుడు, ఆ సిద్ధుడు, వీళ్ళ కోరికలు, పంతాలు, చావులు, అన్నీ ఆ కథ నిజం కావడానికి అవసరమైన సరంజామా! వాళ్ళకి ఆ సంగతి తెలియదు, తమ ఇష్టంతోనే తిరుగుతున్నామనుకుంటున్నారు.

ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలా కూర్చున్నాను. వరాలు, శాపాలు, రూపాలు మారడం, ఆకాశంలో ఎగరడం, ఇవన్నీ మనం చిన్నప్పటినుంచి విన్న మాయలే. ఇక్కడ అసలు మాయ వేరు. ఒక మనిషి కథ చెప్పడమే మాయ, చెప్పిన కథ చెప్పినవాడి చెయ్యి దాటిపోవడం ఇంకా పెద్ద మాయ. ఇవాళ రాసే వింతకథల్లో కూడా రచయిత తన కథలోకి తనే దూరడం, పాత్రలకి తాము పాత్రలమని తెలియడం లాంటివి చూసి కొత్త ఆలోచన అని మెచ్చుకుంటాం, మెచ్చుకోండి, తప్పులేదు, కానీ ఒక తెలుగు కవి దాదాపు 450 ఏళ్ళ క్రితమే ఆ ఆట ఆడేశాడు.

ఆ కథ చెప్పకూడదని నిషేధం ఉందట కదా, మీరెలా చెప్తున్నారు?

హహ, ఇది అడగనివాళ్ళు లేరు. అవును, కళాపూర్ణుడి కథ బయటికి పొక్కకూడదన్న మాట పుస్తకంలో తిరుగుతూ ఉంటుంది, అది తెలిసినవాళ్ళకి మేలు జరుగుతుందన్న మాట కూడా దాని వెనకే తిరుగుతుంది. చెప్పొద్దంటారు, అందరూ ఏదో ఒక దారిన చెప్తూనే ఉంటారు. చెప్పొద్దన్న కథ చుట్టూ 8 ఆశ్వాసాల పుస్తకం రాసి రాజుకి అంకితమిచ్చిన సూరనకి ఏమీ కానప్పుడు మనకేం అవుతుంది?

(గుట్టు) పసిపాప మాట్లాడటం నమ్మేలా ఉందా?

కలభాషిణి మరుజన్మలో మధురలాలసగా పుడుతుంది. ఇంకా చేతుల్లో ఎత్తుకునే పాప. ఒక మణి ఒంటికి తగలగానే పెద్దవాళ్ళలా మాట్లాడటం మొదలుపెట్టి కిందటి జన్మ కథంతా చెప్తుంది. రాజసభ నోరు తెరుచుకుని వింటుంది. ఆ రాజే కళాపూర్ణుడు, కిందటి జన్మలో మణికంధరుడు. తన కథ తనే ఒక పసిపాప నోటి నుంచి వింటున్నాడు.

నమ్మడం అనేదాన్ని పక్కన పెట్టండి. మహేంద్రగిరి చుట్టుపక్కల సవర గిరిజనుల ఊళ్ళలో చనిపోయినవాళ్ళు పూజారి నోటి గుండా వచ్చి ఇంట్లోవాళ్ళతో మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు వాళ్ళతో వాదిస్తారు, ఏడుస్తారు, అడగాల్సింది అడుగుతారు. ఆ కొండల పక్కన బతికేవాళ్ళకి ఒకరి నోటితో ఇంకొకరు మాట్లాడటం మరీ అంత వింతగా అనిపించదు. పాప మాట్లాడటం కంటే సభలో ఎవరూ భయపడి లేచిపోకపోవడమే నాకు వింతగా అనిపించింది.

(కొంచెం గుట్టు) మగవాడు తల్లి, ఆడది తండ్రి అంట, నిజమేనా?

నిజమే. మణిస్తంభుడు అనే సిద్ధుడు ఆడదవుతాడు, అతని భార్య సుముఖాసత్తి మగవాడవుతుంది, వాళ్ళిద్దరికీ పుట్టినవాడే కళాపూర్ణుడు. అంటే కథానాయకుడికి తండ్రి సుముఖాసత్తి, తల్లి మణిస్తంభుడు. సూరన దీన్ని పెద్ద ఘోరంలాగానో, పెద్ద నీతిలాగానో చెప్పడు, జరిగింది జరిగినట్టు చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. ఆ ధైర్యం నాకు నచ్చింది.

సుగాత్రి, శాలీనుల కథ విడిగా చదవొచ్చా?

చదవొచ్చు. పుస్తకం మొత్తం భయపెడుతుంటే ముందు అదొక్కటే చదవండి. కాశ్మీరంలో శారదాదేవి గుడి పూజారి కూతురు సుగాత్రి. భర్త శాలీనుడు మంచివాడే, కానీ భార్య నగలు పెట్టుకుని, అలంకరించుకుని దగ్గరికి వస్తే బిగుసుకుపోతాడు, మాట రాదు. ఇంట్లోవాళ్ళకి బెంగ. అతనికి తోటపని మీద మనసు, అమ్మవారికి పూలు తెచ్చి ఇవ్వడం అతని పని. ఒకరోజు గాలివాన వస్తుంది, తోటలో ఉన్న భర్త కోసం సుగాత్రి పరిగెత్తుకెళ్తుంది, నగలు పక్కన పెట్టి చీర ఎగగట్టి అతనితోపాటు మట్టిలో పని చేస్తుంది. చెమట, బురద, చెదిరిన జుట్టు. అప్పుడు మొదటిసారి అతను ఆమెని చూస్తాడు.

ప్రబంధాల్లో అలంకారం లేని ఆడదాన్ని చూసి మగవాడు ఇష్టపడటం ఎన్నిసార్లు చూశాం? ఇక్కడ పొలంలో భార్యాభర్తలు కలిసి వరి ఊడ్చుకునే ఇళ్ళు బోలెడు, వాళ్ళకి ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మా పిన్నికి చదివి వినిపిస్తే, ‘ఆ మాత్రం తెలుసుకోడానికి వాడికి గాలివాన కావాలేటి?’ అంది.

ఈ జంట మళ్ళీ వేరే పేర్లతో కనిపిస్తుంది. ఎవరో చెప్పను.

నచ్చనివేమీ లేవా?

ఉన్నాయి. పాపగా ఉన్నప్పుడు సభలో చూసిన మధురలాలసనే, ఆమె పెద్దయ్యాక కళాపూర్ణుడు పెళ్ళి చేసుకుంటాడు, అప్పటికే అతనికి అభినవకౌముది అనే భార్య ఉంది. కిందటి జన్మ బంధం అని కథ సర్దిచెప్తుంది గానీ నాకు చదువుతుంటే ముళ్ళు గుచ్చుకున్నట్టే ఉంది. ఆ కాలం అలాంటిది అనేసి చెయ్యి దులుపుకోవడం నాకు ఇష్టం లేదు, ఇన్ని కొత్త పనులు చేసినవాడు ఇదొక్కటి మాత్రం ఎందుకు పాతదారిలో పోనిచ్చాడు?

రెండోది, చివరి భాగం. చిక్కులన్నీ విడిపోయాక దిగ్విజయం, రాజుల వరస, పెళ్ళి వైభవం. అక్కడ సూరన కూడా అందరిలాంటి ప్రబంధకవి అయిపోతాడు. కళాపూర్ణుడు పుట్టేదాకా ఉన్న ఆసక్తి, పుట్టాక సగమైనా ఉండదు. అసలు కళాపూర్ణుడు పాత్రగా చప్పగా ఉంటాడు, ఈ పుస్తకం కలభాషిణిది.

మేము ఒడియా మీడియంలో చదివాం, తెలుగు అక్షరాలే తడుముకుంటాం. మావల్ల అవుతుందా?

అవుతుంది, కానీ ఒంటరిగా కాదు. మన ఊళ్ళలో ఇదొక విచిత్రమైన పరిస్థితి, పెద్దవాళ్ళకి పద్యం చదివే రాగం తెలుసు, అక్షరం మీద కళ్ళు ఆనవు, పిల్లలకి కళ్ళున్నాయి, తెలుగు లిపి సరిగ్గా రాదు, మధ్యలోవాళ్ళకి రెండూ కొంచెం కొంచెం వచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చోండి. ఒకరు పైకి చదవాలి. పద్యాన్ని కంటితో చదివితే గోడలా కనిపిస్తుంది, చెవితో వింటే ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది. సంస్కృత సమాసాలు చూసి మరీ అంత జంకక్కర్లేదు, ఒడియాలో చదువుకున్నవాళ్ళకి ఆ మాటల్లో సగం బడిలో విన్నవే. వాళ్ళకి అచ్చతెలుగు మాటలే కష్టం, వాటికి ఇంట్లో అమ్మమ్మ ఉంది.

వచనంలో కథ చెప్పిన పుస్తకాలు కూడా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టినా నేను ఏమీ అనను. ఇంగ్లీషులో హాయిగా చదవగలిగిన పిల్లలకి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన అనువాదం ఉంది, 2002లో వచ్చింది. దానితో కథ పట్టుకుని, తర్వాత తెలుగు పద్యాల్లోకి రావచ్చు.

గిడుగు రామమూర్తి గారి ఊళ్ళో ఉంటూ గ్రాంథికం చదవమంటారా?

ఈ వెటకారం నాకు చాలాసార్లు తగిలింది. గిడుగు పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూ, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం చేస్తూ, ఇక్కడినుంచే వాడుక భాష కోసం పోట్లాడారు, 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు, 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై ఊరు అటు వెళ్ళిపోయాక ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళారు. అదంతా నిజమే. కానీ ఆయన గొడవ ఇప్పటి మనుషులు ఇప్పటి వచనం చచ్చిన భాషలో రాయడం మీద, పాత కావ్యాల మీద కాదు. పాత కావ్యాలు ఆయనంత శ్రద్ధగా చదివినవాళ్ళు తక్కువ, పండితులతో వాదించేటప్పుడు ఆ పుస్తకాల్లోంచే ఉదాహరణలు తీసి వాళ్ళ ముందు పెట్టేవారు. సూరనని సూరన భాషలో చదవండి, దాని గురించి మాట్లాడేటప్పుడు మీ అమ్మతో మాట్లాడే భాషలో మాట్లాడండి.

పిల్లలకి ఇవ్వొచ్చా?

చిన్నపిల్లలకి వద్దు. శృంగారం బాగా ఉంది, బలి ఉంది, ప్రాణత్యాగాలు ఉన్నాయి. కాలేజీ పిల్లలకి ఇవ్వండి. ఉయ్యాల, నారదుడి సంగీతం పిచ్చి మటుకు ఏ వయసు పిల్లలకైనా చెప్పొచ్చు. తుంబురుడి మీద అసూయతో నారదుడంతటివాడు ద్వారకకి వచ్చి కృష్ణుడి భార్యలు జాంబవతి, సత్యభామ, రుక్మిణి దగ్గర శిష్యరికం చేస్తాడు, పిల్లలు బాగా నవ్వుతారు.

పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

మన బజార్లో దొరకదు, అడిగి అడిగి మానేశాను. గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా విశాఖ వెళ్ళే రైలు ఉంది కదా, పని మీద వెళ్ళేవాళ్ళెవరికైనా చెప్పి తెప్పించుకోండి, పాత పుస్తకాల దుకాణాల్లో కూడా చూడమనండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత ముద్రణల స్కాన్లు ఉచితంగా ఉన్నాయి. అక్షరాలు అక్కడక్కడ మాసిపోయి ఉంటాయి, ఫోన్లో కంటే ప్రింటు తీయించుకుని చదవడం మేలు. తాత్పర్యం ఉన్న ప్రతి దొరికితే అదే పట్టుకోండి.

ఇది అయ్యాక ఏం చదవాలి?

సూరనదే ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’. అందులో శుచిముఖి అనే హంస ఉంటుంది, రాయబారం అంతా తనే నడుపుతుంది, మాటకారితనంలో మనుషులెవరూ దానికి చాలరు. పుస్తకం చిన్నది, కథ సూటిగా వెళ్తుంది, నోట్‌బుక్‌లో బాణాలు గీసుకోవలసిన పని లేదు. ‘రాఘవపాండవీయం’ మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, పక్కన గురువుగారు లేకపోతే రామాయణం రాదు, భారతమూ రాదు.